ఉత్తగ కలిపిన ముద్ద

"ఇంట్ల ఉత్తగనే ఉంటవ్ గదా, జర పసుపుపచ్చది ఇంకో ముద్ద కలుపు," అని భర్త దయాకర్ స్నానాల గదిలోంచి కేకేసేటప్పటికి, రోజారమణి ఒక పొయ్యి మీద పప్పు, ఇంకో పొయ్యి మీద నీళ్ళు పెట్టి, రిబ్బను పండ్ల నడుమ పట్టుకుని ఆరేళ్ళ బిడ్డ వర్షితకు జడ వేస్తోంది. నోట్లో రిబ్బను ఉంది కాబట్టి జవాబు చెప్పలేదు. రిబ్బను లేకపోయినా చెప్పేది కాదు.

ముద్ద అంటే తినే ముద్ద కాదు, దయాకర్ పాఠాలు చెప్పే బడిలో పిల్లలు బొమ్మలు చేసుకునే ముద్ద. రెండు గ్లాసుల మైదా, గ్లాసు ఉప్పు, ఇంత నూనె, చిటికెడు నిమ్మ ఉప్పు. అన్నీ నీళ్ళల్లో కలిపి సన్నమంట మీద తిప్పుతూ ఉంటే గిన్నెను విడిచి ఒక్కచోటికి వస్తుంది. అప్పుడు దాన్ని పళ్ళెంలో వేసి వేడి వేడిగానే పిసకాలి. పసుపు వేస్తే పచ్చది, బీట్‌రూట్ రసం పోస్తే ఎర్రది, బట్టల నీలిమందు వేస్తే నీలిది, ఏమీ వేయకపోతే తెల్లది. దుకాణంలో కొన్న ముద్ద వారానికే ఎండి పెళుసవుతుంది. రోజారమణి కలిపింది నెలయినా వెన్న లెక్క ఉంటుంది. నెల ఏం లెక్క, ఆమె పెళ్ళయిన కొత్తలో కలిపిన ముద్ద ఒకటి బడి బీరువాలో ఇప్పటికీ మెత్తగానే ఉందనీ, ఒక ఎలుక దాన్ని దిండు చేసుకుని నాలుగు కాన్పులు అయిందనీ రామన్నపేటలో చెప్పేవాళ్ళున్నారు. ఎలుకను చూసినవాళ్ళు మాత్రం ఇంతవరకు ఎవరూ దొరకలేదు.

ఆ ఒడుపు ఆమెకు బడి నేర్పింది కాదు. తల్లి హనుమమ్మ సిరిపురంలో పడుగుకు, అంటే మగ్గానికెక్కే నిలువు పోగులకు, గంజి పెట్టేది. గంజి పలచనయితే పోగు తెగుతుంది, చిక్కనయితే అట్ట కడుతుంది. "ఏలు పెట్టి సూడు బిడ్డా, ఉడికిందో లేదో కండ్లకు తెల్వది," అని ఆరేళ్ళప్పుడే మసులుతున్న గంజిలో వేలు ముంచి తీయడం నేర్పింది. ఆ వేళ్ళు అప్పటినుంచీ అలా గట్టిపడుతూనే వచ్చాయి. ఇప్పుడు రోజారమణి మసిగుడ్డ వాడదు. కుతకుతలాడే గిన్నెను రెండు చేతులతో దించి, తీరుబాటుగా ఎక్కడ పెట్టాలా అని చూస్తుంది. నిప్పుకణిక చేతిలో పెడితే "ఎవరిదమ్మా ఈ గోళీ" అని అడుగుతుందని ఆ వాడకట్టులో హాస్యం. ఆమె కూడా నవ్వేది. నవ్వితే వాళ్ళు వెళ్ళిపోతారు.

ఆ శనివారం ఇంట్లో హడావిడి. ముందువారం మండలంలో బోధనోపకరణాల మేళా అని జరిగింది. పిల్లలకు పాఠం చెప్పడానికి పంతుళ్ళు సొంతంగా చేసిన వస్తువులన్నీ బల్లల మీద పరిచి చూపించే పండగ. దయాకర్ బల్లకు మొదటి బహుమతి వచ్చింది. లెక్కలకు సీతాఫలం గింజల దండలు, జొన్న బెండ్లతో ఎద్దులబండి, మక్కకంకుల బొమ్మలు. మామ పోయాక మూలకు పడ్డ మగ్గం దగ్గరి ఖాళీ కండెలకు రంగు నూలు చుట్టి ఒకట్లు, పదులు. ఇవిగాక నాలుగు రంగుల ముద్దలు. ప్రతి దాని పక్కనా చిన్న అట్టముక్క, "తయారు చేసినవారు: దయాకర్, ఉపాధ్యాయుడు" అని. ఆ అక్షరాలు గుండ్రంగా, ముత్యాల్లా ఉన్నాయని అందరూ మెచ్చుకున్నారు. అవీ రోజారమణి రాసినవే. ఇక సోమవారం భువనగిరిలో జిల్లా మేళా. ఆ సంతోషానికి ప్రధానోపాధ్యాయుడు గుర్వయ్య సార్‌ను దయాకర్ మధ్యాహ్నం భోజనానికి పిలిచాడు.

"పోలెలు నేనే జేస్త. నువ్వు పిండి కలిపి పెట్టు, సాలు," అంది అత్త రాజమణి. రాజమణికి ఒక కంటికే ఆపరేషన్ అయింది, రెండోది వచ్చే నెల. చెయ్యి మాత్రం ఇంకా చురుకే. రోజారమణి పోలెలకు, అంటే బొబ్బట్లకు, మైదా పసుపేసి కలిపింది, తడిబట్ట కప్పి స్టీలు డబ్బాలో పెట్టింది. బడికి కావలసిన ముద్దా పసుపేసే కలిపింది, ఎండిపోకుండా దానికీ తడిబట్ట కప్పి ఇంకో స్టీలు డబ్బాలో పెట్టింది. రెండు డబ్బాలూ ఆమె పెళ్ళికి వచ్చిన జత డబ్బాలు. అంతలో దయాకర్ "గీ అట్టలు కత్తిరించి పెట్టు, సాయంత్రం దాంక టైం లేదు" అంటే ముందు గదిలోకి పోయి కత్తెర పట్టుకుంది.

మొదటి పోలె పెనం మీదినుంచి దిగగానే రాజమణి కోడలి చేతిలో పెట్టింది. "తిని జెప్పు, ఎట్లున్నదో. నా నోటికి ఏం తెలుస్తలేదు గీ మాత్రలు మింగబట్టి."

రోజారమణి ఒక చేత్తో కత్తిరిస్తూ ఇంకో చేత్తో తిన్నది. మొత్తం తిన్నది. "మంచిగున్నయ్ అత్తమ్మ," అంది.

గుర్వయ్య సార్ పెద్ద మనిషి. మొదటి ముక్క నోట్లో పెట్టుకుని నమలడం ఆపేశాడు. ఉమ్మలేదు, మింగలేదు, కళ్ళు మాత్రం పెద్దవి చేసుకుని దూలం వైపు చూశాడు. తర్వాత మింగాడు. ఆయన ఆ రోజు తాగిన నీళ్ళకు చిట్యాలలో తన ఇంటి దాకా దారి పొడుగునా బోర్లన్నీ అడుగంటాయని తర్వాత ఆయనే చెప్పుకుని నవ్వాడు. దయాకర్ ఒక ముక్క కొరికి, మొహం ముడుచుకుని, చేతిలోకి ఉమ్మేశాడు. ఇంతలో వర్షిత డబ్బా మూత తీసి చూసి తీరిగ్గా అంది: "సార్, మీరు పులిని తింటున్నరు. గది నా పులి ముద్ద. రేపు పులిని చెయ్యాల్నని అమ్మ కలిపింది."

గుర్వయ్య సార్ పొలమారేదాకా నవ్వాడు. "ఇంత మంచి ముద్ద ఎవరు జేస్తరు బిడ్డా, మీ నాయినేనా?"

"మా అమ్మ. అన్ని మా అమ్మనే జేస్తది."

"ఇంట్ల ఉత్తగనే ఉంటది గద సార్," అన్నాడు దయాకర్ చేతులు కడుక్కుంటూ. "నేను జెప్తుంటే కలుపుతది."

"భువనగిరిల వాళ్ళ ముందట చేసి చూపియ్యమంటరు దయాకర్. చేతనైతదా నీకు?"

"ఎందుకు కాదు సార్. పిండి ముద్దనే గద."

సార్ పోయాక దయాకర్ గొంతు పెంచలేదు. అతను ఎప్పుడూ పెంచడు. "నోట్లె నాలిక ఉన్నదా లేదా నీకు? అంత ఉప్పు తిని మంచిగున్నయంటవా? నా పరువు దీసినవ్," అని, చొక్కా వేసుకుని బయటికి పోయాడు. రాజమణి "నాకంటే కండ్లు కనపడయి, నీకేమైంది" అని గొణుక్కుంటూ పోలెలన్నీ గేదె ముందు వేసింది. గేదె వాసన చూసి మొహం తిప్పుకుంది.

రోజారమణి వంటింట్లో నిలబడి మిగిలిన పోలె ముక్క ఒకటి తీసుకుని నాలుక మీద పెట్టుకుంది. అది మెత్తగా ఉందని తెలిసింది, అంతే. ఉప్పుందో బెల్లముందో నాలుక చెప్పలేదు. భయం వేయాలి కదా అనుకుంది, భయమూ వేయలేదు. ఎప్పటినుంచి ఇలా అని వెనక్కి వెతుక్కుంటూ పోయింది. పంతులమ్మ చదువుకు, డీఎడ్‌కు, సీటు వచ్చిన రోజు తీపి తిన్నది, అది తెలిసింది. చేరేలోపే సంబంధం కుదిరిందని ఆ సీటు వదిలేసిన రోజు ఏం తిన్నదో గుర్తు లేదు. పెళ్ళయిన కొత్తలో దయాకర్, "ఉత్తగ కూసునే బదులు మా బడి పిల్లలకు ఏమన్న చెయ్యరాదు" అన్నాడు, సంతోషంగా చేసింది. కాన్పు అయిన మూడో నెల బిడ్డను పక్కన పండుకోబెట్టుకుని గింజలకు రంధ్రాలు పొడుస్తుంటే అత్త, "ఉత్తగనే గింజలతోటి ఆడుతది, పిల్ల ఏడుస్తాంటే వినపడది" అంది. పక్కబడి టీచరమ్మలు వచ్చి "మాకు కూడా జర చేసియ్యి రమణీ" అని సంచుల కొద్దీ బొమ్మలు పట్టుకుపోతే, "ఏం పోయింది, ఉత్తగనే ఇచ్చింది" అన్నాడు దయాకర్. ఒకరోజు కారణం లేకుండా కంట్లో నీళ్ళు వస్తే, "ఉత్తగ ఏడుస్తవేంది" అన్నాడు. ఆ వైపు యాసలో ఆ ఒక్క మాటకు ఎన్ని అర్థాలో. పని లేనిదీ ఉత్తగనే, వెల లేనిదీ ఉత్తగనే, కారణం లేనిదీ ఉత్తగనే. ఏడేళ్ళుగా అన్నీ ఆమె మీద పడ్డాయి, పడ్డచోటల్లా తోలు కొంచెం కొంచెం మందమయింది. చేతులు మొద్దుబారితే పనికి మంచిదే కదా అనుకుంది ఇన్నాళ్ళూ. అది చేతుల దగ్గర ఆగలేదు. ఎప్పుడో నాలుక దాకా వచ్చింది. ఇంకా ఎక్కడి దాకా పోయిందో ఆమెకు తెలియదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు. ముక్కను మింగి, గిన్నెలు తోమడానికి కూర్చుంది.

ఆదివారం మధ్యాహ్నం దయాకర్ తెల్ల కాగితం, పెన్ను తెచ్చి ముందు పెట్టాడు. "గా ముద్ద ఎట్ల జేస్తవో వరుసగ రాసియ్యి."

రోజారమణి పెన్ను తీసుకుంది. దాని మూత తీస్తూ, "నేను గూడ రానా భువనగిరికి?" అంది. ఏడేళ్ళలో ఆమె అడిగింది ఇదొక్కటే. ఆ బల్ల పక్కన ఒక్కసారి నిలబడాలి, పిల్లలు ముద్దను చేతుల్లోకి తీసుకున్నప్పుడు వాళ్ళ మొహాలు చూడాలి, అంతే.

"నువ్వొచ్చి ఏం జేస్తవ్? పిల్లనెవరు సూస్తరు? ఇంట్ల ఉత్తగనే ఉంటవ్ గదా, ఉండు."

ఆమె రాసింది. గ్లాసులు, చెంచాలు, మంట, అన్నీ ఉన్నవి ఉన్నట్టే రాసింది. వేడి మీద పిసకాలని కూడా రాసింది. ఎంతసేపు అన్న దగ్గర ఆగి, "చేతికి తెలిసేదాకా" అని రాసింది.

దయాకర్ చదివాడు. "గిదేం కొలత? ఎన్ని నిమిషాలో రాయి."

"ఏడు నిమిషాలు" అని రాసింది. ఆమె ఎప్పుడూ గడియారం చూడలేదు.

సోమవారం పొద్దున ఏడు గంటల బస్సుకు దయాకర్ రెండు సంచులతో పోయాడు. వర్షిత బడికి పోయింది. వంట అయింది, బట్టలు ఆరాయి, బియ్యం ఏరడం కూడా అయింది. పదకొండు గంటలకు రోజారమణి చాయ్ పెట్టుకుని గ్లాసులో పోసుకుని మగ్గం గద్దె మీద కూర్చుంది. కింద నేసేవాళ్ళు కాళ్ళు పెట్టుకునే గుంటలోకి కాళ్ళు వేలాడేసుకుంది. చేతులు ఒళ్ళో ఉన్నాయి. వాటికి ఏ పనీ లేకపోవడం ఎంత కొత్తగా ఉందంటే, ఎవరివో చేతులు కాసేపు చూస్తూ ఉండమని ఇచ్చిపోయినట్టుంది.

"ఏం జేస్తున్నవే?" అంది రాజమణి వాకిట్లోంచి.

"ఉత్తగ కూసున్న అత్తమ్మ."

ఫోను మోగింది. దయాకర్. వెనక మనుషుల సందడి, మైకు.

"రమణీ, చేతికి అంటుకుంటాంది. ముద్ద అయితలేదు. నువ్వు రాసినట్టే జేసిన. సార్లు ముందటనే ఉన్నరు, ఫోను పెద్దగ పెట్టిన, జల్దీ చెప్పు."

"సల్లారనిచ్చిన్రా?"

"మరి? పొయ్యి మీదికెళ్ళి దించంగనే ఎట్ల పట్టుకుంటరు? చేతులు కాలవా?"

రోజారమణి తన అరచేతుల వైపు చూసింది. ఏడేళ్ళు ఈ ఇంట్లో నాలుగు రంగుల ముద్దలు పిసికింది. చేతులు కాలవా అన్న ప్రశ్న ఇన్నాళ్ళకు ఈ ఇంటి మనిషి నోట్లోంచి వచ్చింది, అదీ అతని చేతుల గురించి.

"కాలుతయి," అంది.

"గదే నేననేది. ఇప్పుడేం జెయ్యాల్నో చెప్పు. ఇంట్ల ఉత్తగనే ఉన్నవ్ గదా."

చెప్పడానికి ఒక్క మాట చాలు. మళ్ళీ మంట మీద పెట్టి, చేతికి నూనె రాసుకుని, పొగలు కక్కుతున్నప్పుడే పిసకాలి. ఆ మాట నోటి చివర దాకా వచ్చింది. అవతల ఎవరో పెద్దాయన గొంతు, "ఎవరమ్మా మాట్లాడేది?" అంది.

"ముద్దలు కలిపేదాన్ని సార్," అంది రోజారమణి. "గా అట్టముక్కల మీది రాత గూడ నాదే."

అవతల సందడి కొంచెం తగ్గింది. "రమణీ," అన్నాడు దయాకర్ మెల్లగా, పండ్లు కొరికినట్టు. "జర చెప్పు."

"ఉత్తగ చెప్పను," అంది ఆమె. "గా అట్ట మీద నా పేరు రాయున్రి, గప్పుడు చెప్త."

ఫోను కట్ చేసి పక్కన పెట్టింది. అది రెండుసార్లు మోగి ఊరుకుంది. మళ్ళీ మోగుతుందో, సాయంత్రం ఏడు గంటల బస్సుకు దయాకరే దిగుతాడో తెలియదు. చాయ్ గ్లాసు కోసం చెయ్యి చాపి, అంచు కాకుండా నడుమ పట్టుకుంది, ఎప్పటిలాగే. పట్టుకుని వెంటనే వదిలేసింది. గ్లాసు గద్దె మీద ఒరిగి చాయ్ గుంటలోకి కారిపోయింది.

రాజమణి లోపలికి వచ్చి చూసింది. "ఏమైందే?"

రోజారమణి వేళ్ళు నోట్లో పెట్టుకుని ఉంది. తీసి చూసుకుంది. కొసలు ఎర్రబడ్డాయి.

"కాలింది అత్తమ్మ," అంది.