రెండు వాకిళ్ళ తూము

సంజీవప్ప మంచివాడని చెప్పేవాళ్ళు పెనుకొండలో చాలామంది ఉన్నారు. వాళ్ళెవరికీ అతనితో ఉమ్మడి గోడ లేదు. నాకుంది. గోడకు అవతల అతని శెనక్కాయల మిషన్, ఇవతల నా దూది. అతని మిషన్ తిరిగితే పొట్టు దుమ్ము లేచి, నేను తెల్లగా ఏకి కుప్ప పోసిన దూది మీద పడుతుంది. నేను దూది ఏకితే పీచు ఎగిరి, అతను ఆరబోసిన విత్తనాలకు అంటుకుంటుంది. ఏడేళ్ళుగా ఇదే తగువు. పెద్దమనుషులు రెండుసార్లు వచ్చి, మా ఇద్దరి నోళ్ళకూ జడిసి, కాఫీ తాగి వెళ్ళిపోయారు.

గోడ కాక మా ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నది కరియ. నల్లటి కుక్క. మా ఆయన నబీసాబ్ బత్తలపల్లికి పరుపులు వేసుకుపోయి, తిరిగొచ్చేటప్పుడు ఖాళీ బండిలో దాన్ని పిల్లగా తెచ్చాడు. కాబట్టి అది నాది. పదమూడేళ్ళుగా తన కాయల కుప్పల దగ్గర పందికొక్కులను తరిమింది కాబట్టి తనదని సంజీవప్ప వాదన. గోడ కింద వాననీళ్ళు పోవడానికి ఎప్పుడో వేసిన సిమెంటు తూము ఉంది. వీధికి కాలవ వచ్చాక అందులో నీళ్ళు పారింది లేదు. ఆరడుగుల పొడవు. ఒక కొస నా పెరట్లో, ఇంకో కొస అతని కళ్ళంలో. కరియ ఆ తూములోనే పెరిగింది. పగలు ఇటు తల పెట్టి నా కూడు తింటుంది, పొద్దు గూకాక అటు తల పెట్టి కాపలా కాస్తుంది. మా ఆయన పోయినప్పటి నుంచి నేను తిట్టకుండా మాట్లాడేది దానితో ఒక్కదానితోనే.

ఇంట్లోకి రానీయకూడదా అని నన్ను అడగొద్దు. నమాజు చేసే ఇంట్లోకి మేము కుక్కను రానీయం. అది గడప దాకా వచ్చి తనే ఆగిపోతుంది. మర్యాదలో నాకన్నా అదే నయం.

తొంభై ఎనిమిదిలో రంజాను నెల డిసెంబరు చలిలో పడింది. తెల్లవారుజామున, ఒక్కపొద్దు మొదలయ్యేలోపు అన్నం తినడానికి లేచి పెరట్లోకి వస్తే కొండ మీది గాలి చెవులు కోసేది. రెండోరోజో మూడోరోజో తూములోంచి ఏదో చప్పుడు వినిపించింది. వంగి చూశాను. కరియ పళ్ళు కొట్టుకుంటున్నాయి. మూతి తెల్లబడింది ఎప్పుడో, వెనక కాళ్ళు ఆ ఏడే పట్టు తప్పాయి. లేవాలంటే ముందు కాళ్ళతో ఈడ్చుకోవాలి. ఒట్టి సిమెంటు మీద పడుకొని వణుకుతోంది. ఈ చలి దాటుతుందా అనిపించింది నాకు.

నేను చేసేది పరుపుల పని. చలి అంటే నాకు తోచేది దూదే. అదే రోజు ధర్మవరం నుంచి లలితమ్మ అని ఒకావిడ కూతురి పెళ్ళి పరుపుల కోసం వచ్చింది. అందరికీ చెప్పేదే ఆమెకూ చెప్పాను. "నేల మీద పరచొద్దమ్మా. మంచు తగలనీయొద్దు. దూది ఒక్కసారి నీళ్ళు తాగిందా, మూడెండలు చూపిస్తే గానీ మనిషి పండుకునేదానికి పనికిరాదు." ఆమె అటు పోగానే మిగిలిన దూదితో తూముకు సరిపోయే చిన్న పరుపు కుట్టాను. పాత చీర గలీబు, దగ్గర దగ్గరగా కుట్లు. పెళ్ళికూతురికి కూడా అంత శ్రద్ధగా కుట్టలేదు. కరియ దాని మీద ఒరిగి నా వైపు చూసింది. నాకు సంతోషమైంది.

తెల్లారి చూస్తే నా పరుపు గోడ మీద వేలాడుతోంది. తూము నిండా శెనక్కాయల పొట్టు.

ఒళ్ళు మండిపోయింది. చీపురు తీసుకొని పొట్టు మొత్తం అతని కళ్ళంలోకి తోశాను. అవతల సంజీవప్ప గొంతు వినిపించింది. గోడ దగ్గరున్న రుబ్బురోలు మీదికెక్కి నిలబడ్డాను.

"ఏమప్పా, నా పరుపు తీసి పారేసేదానికి నువ్వెవరు?"

"దూదిని తూములో పెడతారా యాడన్నా? మంచుకు నీళ్ళు తాగుతాది. పైగా అది ముసిల్దయింది, పండుకున్నచోటే తడి చేసుకుంటాండాది. పొట్టయితే తడి కిందికి దిగిపోతాది, పైన పొడిగా ఉంటాది."

"నీ పొట్టు పోయి ఇటుకల బట్టీలో పోసుకో."

"నా పొట్టు, నా కుక్క. నడమ నీదేముండాది? ఇంకోటి చెప్తా విను. కొండగాలి నీ దిక్కునుంచి దూరతాండాది. నీ పక్క తూము మూసెయ్. గాలి నిలిచిపోతాది."

అసలు సంగతి అదన్నమాట. నా పక్క మూస్తే కరియకు ఇక మిగిలేది అతని కళ్ళమే. వీధిలోకి పోయి, మలుపు తిరిగి, నా గేటు దాకా రావడానికి దానికి కాళ్ళు లేవు. ఏడేళ్ళ నుంచి చేతకానిది చలిని అడ్డం పెట్టుకొని చేయబోతున్నాడు.

"గాలి అంతగా అడ్డమయితే నీ పక్క మూసుకో," అన్నాను.

"నా పక్క మూస్తే నీ పక్క గాలి పోయేదానికి దారి లేక దాని మీదనే కూకుంటాది. ఆమాత్రం తెలీదా?"

తెలుసు. అతనితో ఒప్పుకోవడం ఇష్టం లేదు, అంతే. ఒక్కపొద్దు ఉండి నోరు పారేసుకోకూడదు గనక అప్పటికి దిగిపోయాను. పగలంతా కూడబెట్టుకొని, పొద్దు మునిగి ఖర్జూరం నోట్లో వేసుకున్నాక మళ్ళీ రోలెక్కాను. అతని ముత్తాత దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్కరినీ కిందికి దించుకుంటూ వచ్చేసరికి పొయ్యి మీది అన్నం మాడింది.

ఆ తర్వాత నాలుగు రోజులు ఇదే పని. నేను పరుపు పెడతాను, అతను తీసి ఎండలో వేస్తాడు. అతను పొట్టు పోస్తాడు, నేను ఊడుస్తాను. నా పరుపును పారేయకుండా ఎండలో ఎందుకు వేస్తున్నాడో ఒక్కసారన్నా ఆలోచించి ఉండాల్సింది. ఆలోచించలేదు. తీసినోడు పగవాడు, తీసింది నా పరుపు. అంతే కనిపించింది నాకు.

ఐదో రోజు సంజీవప్ప విత్తనాల లోడుతో హిందూపురం పోయాడు. రెండు రోజుల దాకా రాడని అతని కళ్ళంలో కాయలు ఏరే రూతమ్మ చెప్పింది. నాకు పండగైంది. పొట్టు ఒక్క పలుకు కూడా లేకుండా ఊడ్చేశాను. దూది రెండింతలు వేసి మందంగా ఇంకో పరుపు కుట్టాను. ఎవరూ లాగకుండా రెండు మూలలకు పురికొస తగిలించి, నా పెరట్లో మేకు దిగ్గొట్టి కట్టాను. ఇప్పుడు తియ్ చూద్దాం అని గోడకు చెప్పాను. ఆ రెండు రోజులూ ఎండ రాలేదు. కొండ మీద మంచు దిగి పగలు కూడా కదల్లేదు, సన్నగా తుంపర పడింది. కరియ ఎంత వెచ్చగా పడుకొని ఉంటుందో అనుకుంటూ నేను దుప్పటి ముసుగు పెట్టాను.

రెండో రాత్రి గడిచి తెల్లవారింది. రాగి జావ గిన్నె పెట్టి పిలిచాను. రాలేదు. చెయ్యి లోపలికి పెట్టాను. పరుపు తగిలింది. పిండితే నీళ్ళు కారేట్టు ఉంది, రాయిలా చల్లగా ఉంది. దాని మీద కరియ లేదు. మోకాళ్ళ మీద కూర్చొని లోపలికి చూశాను. నా పరుపు నుంచి తప్పించుకొని, అతని కొస దగ్గర ఒట్టి సిమెంటు మీద ముడుచుకొని ఉంది. వణకడం లేదు. వణుకు ఆగిపోవడం మంచిది కాదని నాకు తెలుసు. మా ఆయన చివరి రోజు కూడా అలాగే ఆగింది.

మంచు తగలనీయొద్దు, నేల మీద పరచొద్దు అని నలభై ఏళ్ళుగా ఊరూరి వాళ్ళకు చెప్పిన నోరు నాది. ధర్మవరం ఆవిడకు చెప్పిన మాట నా కుక్కకు పనికిరాకుండా పోయింది. చెప్పింది సంజీవప్ప కాబట్టి నా పని నాకే తెలియకుండా పోయింది.

రోలెక్కాను. సంజీవప్ప తొలి బస్సు దిగి అప్పుడే వచ్చినట్టున్నాడు, భుజం మీద సంచి ఇంకా ఉంది. రూతమ్మ చేట పట్టుకొని కూర్చొని ఉంది.

"సంజీవప్పా, రెండు మూటలు పొట్టు కావల్ల."

"ఎందుకు? నా పొట్టు ఇటుకల బట్టీకి గదా."

"కరియ లేస్తాలేదు."

అతని మొహం మారింది. అయినా కదల్లేదు. "దూది పెట్టింది తప్పని చెప్పు. రూతమ్మ వినేట్టు చెప్పు. నాలుగు రోజులు నన్ను ఊరంతా వినేట్టు తిడితివే."

"తప్పే," అన్నాను. "దూది పెట్టేది తప్పు. నాకు తెలిసీ పెట్టినా. నువ్వు వద్దంటివని పెట్టినా. సాలునా?"

అతనికి సంతోషమైంది. దాచుకోలేదు కూడా. కానీ పొట్టు మూట ఎత్తుకొని తూము దగ్గరికి పరుగెత్తాడు. రెండూ చూశాను.

పురికొస కోసి, తడి పరుపును నేను ఇటు లాగేశాను. అతను అటునుంచి కరియను బయటికి తీసి, రూతమ్మ ఒళ్ళో పడుకోబెట్టాడు. నేను గోనెసంచులు పొయ్యి దగ్గర కాచి గోడ మీదుగా అందించాను. రూతమ్మ వాటితో పొట్ట, కాళ్ళు రుద్దింది. అతను తూములో ఇటుకలు పరిచి, మీద జానెడు మందాన పొట్టు పోశాడు. వెచ్చటి జావ రూతమ్మ వేలితో నాకించింది. చాలాసేపటికి కరియ ఒళ్ళు మళ్ళీ వణకడం మొదలుపెట్టింది. వణుకు చూసి అంత సంతోషపడతానని ఎప్పుడూ అనుకోలేదు.

దాన్ని పొట్టులో పడుకోబెట్టాక తూములోంచి అతని గొంతు వినిపించింది. "గాలి కొడతాండాది."

"తెలుసు," అన్నాను.

అతను నీ పక్క మూసెయ్ అని మళ్ళీ అనుంటే తిట్టి ఉండేదాన్ని. అననందుకు ఇంకా కోపమొచ్చింది. గోనెపట్టా కట్టి చూశాను. గాలికి లేచిపోయింది. చెక్క అడ్డం పెట్టాను. సందుల్లోంచి ఈల వేసింది. కొండ అక్కడే ఉంది, గాలి అక్కడినుంచే వస్తోంది. చలి పోవడానికి ఇంకా నెల పైన పడుతుంది.

ఇంట్లోకి పోయి రెండు యూరియా సంచులు తెచ్చాను. ప్లాస్టిక్‌వి, తడి లోపలికి పోదు. ఇంట్లో ఏకి పెట్టిన పొడి దూదిని గట్టిగా కూరి మూతులు కుట్టాను. దూది పనికొచ్చే చోటు తూములో అదొక్కటే. మొదటి సంచి నా కొసలో దూర్చేటప్పుడు కరియ తల తిప్పి నన్ను చూసింది. తోక పొట్టులో ఒకసారి గలగలమంది. నేను వస్తున్నాననుకుంది పాపం. కళ్ళు మూసుకొని సంచి తోశాను. రెండోది దాని వెనక తోసి, రాళ్ళు పేర్చి, మట్టి మెత్తాను. గాలి ఆగిపోయింది. ఏడేళ్ళుగా ఆ మనిషి మూయించలేనిది నా చేతులతో నేనే మూశాను.

ఆ సాయంత్రం ఒక్కపొద్దు విడిచి, అలవాటు కొద్దీ గిన్నె తీసుకొని పెరట్లోకి వచ్చాను. మట్టి మెత్తిన తూమే ఎదురైంది. తర్వాత కొంగు నెత్తిన కప్పుకొని, వీధిలోకి పోయి, మలుపు తిరిగి, సంజీవప్ప గేటు తట్టాను. ఏడేళ్ళలో ఆ గేటు తట్టడం అదే మొదలు. అతను గేటు తీసి గిన్నె వైపు చూశాడు.

"నా కుక్కకు కూడు తెచ్చినావా? ఆడ పెట్టిపో."

పెట్టిపోలేదు. తూము ముందు కూర్చున్నాను. కరియ తల బయటికి పెట్టి నా చేతిలోదే తింది. పొట్టులోకి చెయ్యి పోనిచ్చి దాని పొట్ట తడిమాను. పొడిగా ఉంది, వెచ్చగా ఉంది. నాకు కావాల్సింది అదే. అయినా ఏడుపొచ్చింది. అతను చూడకుండా కొంగుతో తుడుచుకున్నాను.

"పొట్టు రోజూ మారుస్తావా?" అని అడిగాను.

"నువ్వు చెప్పల్లనా నాకు?"

ఒక్కపొద్దు విడిచేశాను కాబట్టి అతన్ని తిట్టవలసిన నాలుగు మాటలూ తిట్టాను. ఖాళీ గిన్నె తీసుకొని లేచాను. రేపు ఎన్నింటికి గేటు తీస్తాడో అడిగి ఇంటికి వచ్చాను.