వాక్యాలైన బాణాలు

నేను ఒక లిఫ్టు బొమ్మను. లిఫ్టు ఆకారం నాలో ఉండదు. దాన్ని నడిపే ప్రోగ్రాం ఎప్పుడు ఏం చెయ్యాలో ఉంటుంది. ఒక్కో స్థితికి ఒక గడి, ఒక్కో మార్పుకు ఒక బాణం. అంతే నా ఒళ్లు.

విశాఖపట్నంలో ఆస్పత్రి లిఫ్టులు ఎలా పనిచెయ్యాలో చెప్పే ప్రమాణాల పత్రం రాసే సంఘం ఒకటుంది. దాని పెద్ద జోగినాథం గారు నన్ను తెల్లబోర్డు మీద గీశారు. ఫోనుతో ఫొటో తీసి పత్రంలో అతికించారు. సభ్యులంతా భలే ఉందన్నారు. మనుషులకు బాణాలు కనిపిస్తే చాలు, ఎటు పోతున్నాయో అడగరు. నేనూ పొంగిపోయాను.

ఇంజనీరు పైడితల్లి సంతకం ఒక్కటే మిగిలింది. ఆమెకు చూపు లేదు. కంప్యూటరు పైకి చదివితే వింటుంది. నా దగ్గరికొచ్చేసరికి అది "బొమ్మ" అనేసి ముందుకెళ్లిపోయింది.

"ఇందులో ఏటుందండీ?" అంది.

"అందరం చూసీసాం కదమ్మా. సాయంత్రం అచ్చుకెళ్లిపోవాల. పెట్టీ సంతకం."

"హాజరు పట్టీ అనుకున్నారేటండీ? రోగుల్ని మోసే లిఫ్టిది."

అక్షరాల్లో కావాలి కాబోలనుకున్నారాయన. కీబోర్డు మీది అడ్డగీతలూ నిలువుగీతలూ కూడిక గుర్తులూ పేర్చి నన్ను మళ్లీ కట్టారు. కంప్యూటరు చదివింది: "గీత, గీత, గీత, కూడిక, గీత..."

పైడితల్లికి నవ్వాగలేదు. "ముగ్గేస్తన్నారేటండీ? బాణానికో వాక్యం రాయండి. ఎక్కణ్ణుంచి, ఏం జరిగితే, ఎక్కడికి."

ఆయన గొణుక్కుంటూ రాశారు. కంప్యూటరు చదివింది: "తలుపు మూసి ఉంది. మీట నొక్కితే, కదులుతోంది. కరెంటు పోతే, ఆగింది."

"ఆగింది. తరవాత?"

జోగినాథం గారు బోర్డుకేసి చూశారు. ఆ గడిలోకి బాణం వచ్చింది. బయటికి ఒక్కటీ లేదు. దాని రంగు బాగుందని మెచ్చుకున్నవాళ్లు కూడా ఉన్నారు.

"కరెంటొచ్చినా కదలదా? మరి లోపలున్నోళ్లో?"

"ఈసారికి పోనియ్యమ్మా. వచ్చే ముద్రణలో పెట్టీదాం."

"పోనివ్వనండీ."

గట్టిగా అనలేదు. కుర్చీలోంచి లేవనూ లేదు. సాయంత్రం అయింది. అచ్చు ఆగింది. చివరికి ఆయనే కూర్చుని రాశారు: "ఆగింది. కరెంటు వస్తే, దగ్గరి అంతస్తుకు మెల్లగా కదులుతోంది. చేరితే, తలుపు తెరిచి ఉంది."

పైడితల్లి మళ్లీ మళ్లీ వింది. బొమ్మకూ వాక్యాలకూ తేడా వస్తే వాక్యాలే చెల్లుతాయని పత్రంలో రాయించింది. అప్పుడు పెట్టింది సంతకం.

ఇప్పుడు అచ్చులో ముందు వాక్యాలున్నాయి. వాటిని బట్టి కంప్యూటరు గీసిన బొమ్మ కింద ఉంది. మునుపటంత అందం లేదు నాకు. ఉండక్కర్లేదు. నన్ను మార్చాలనుకున్నవాడు గడి చెరిపితే కుదరదు. వాక్యం మార్చాలి. ఆ వాక్యం పైడితల్లి చెవిన పడాలి.