ఒంటి మొక్కు

బర్మా దేశంలో, మింగళ తౌంగ్‌న్యున్ పేటలో మా వీధికి గొప్ప చరిత్రే ఉంది. తెలుగువాళ్ళు, తమిళులు, ముస్లిములు, చైనావాళ్ళు, బర్మావాళ్ళు ఒకరి కిటికీలోకి ఒకరు దగ్గుకుంటూ బతికే ఈ వీధి ఏ విషయంలోనూ ఏకం కాదు, ఓటులో తప్ప. తొంభైలో సైన్యం వద్దని వేశాం. గెలిచాం. గద్దె ఇవ్వలేదు. రెండువేల పదిహేనులో గెలిచి ఐదేళ్ళు మురిశాం. ఇరవైలో మళ్ళీ గెలిచాం. అధ్యక్షుణ్ణి ఎన్నుకోవాల్సిన సభ మొదలయ్యే రోజు తెల్లారకుండానే, మేం గెలిపించినవాళ్ళని సైన్యం పట్టుకుపోయింది.

మా ఓటు ఏమైందని అడగడానికి రోడ్డెక్కిన మా అబ్బాయి రాజమోహన్‌ని కూడా పట్టుకుపోయింది. వాడింకా జైల్లోనే ఉన్నాడు.

ఇప్పుడు మళ్ళీ ఎన్నికలన్నారు. మేం ఓటేసే పార్టీని రద్దు చేసి, వాళ్ళే పెట్టి, వాళ్ళే గెలిచే ఎన్నికలు. నాకు ఒళ్ళు మండింది.

వార్డు ఆఫీసు ఆంగ్ ఆంగ్ వచ్చి గుమ్మంలో నిలబడి, నన్ను 'ఊ' అని మర్యాదగా పిలుస్తూ బర్మా భాషలో చెప్పాడు. "ఊ దండాసి, ఇద్దరూ వచ్చి ఓటెయ్యండి. ఎన్నికలయ్యాక ఖైదీల్ని వదులుతారంటున్నారు. మంచి పేరుంటే మంచిదే కదా."

అంతే అన్నాడు. నా పెళ్ళాం నాగదేవి మాత్రం ఆ ముక్కని అమ్మవారే చెప్పినట్టు పట్టుకుంది.

"ఎల్దారయ్యా," అంది.

"నా కొడుకుని జైల్లో ఎట్టినోళ్ళకి నాను ఓటెయ్యాలేటి? సచ్చినా ఎయ్యను."

"ఓటు కాదు, మొక్కనుకో. ఆడొత్తాడు. మొగుడూ పెళ్ళాం కలిసి సెయ్యాలి. ఒంటి మొక్కు సెల్లదు."

గంజాం నుంచి ఓడెక్కి వచ్చిన మా తాతల ఆచారం అది. మొక్కు తీర్చేటప్పుడు దంపతులు పక్కపక్కన పీటలేసుకుని కూర్చోవాలి. దాన్ని తీసుకెళ్ళి పోలింగు గదికి ముడిపెట్టిన తెలివి మాత్రం నా పెళ్ళాం సొంతం.

నేను కదల్లేదు. తలంటు పోసుకుని, కాళ్ళకి పసుపు రాసుకుని ఒక్కత్తే వెళ్ళింది. చిటికెన వేలికి ఊదారంగు సిరాతో తిరిగొచ్చింది. పక్కింటి బుల్లియ్య, మంగాయమ్మ జంటగా వెళ్ళొచ్చారు. వాళ్ళబ్బాయినీ మా వాడితోపాటే పట్టుకున్నారు మరి.

ఖైదీల్ని వదిలిన రోజు నలుగురం జైలు గేటు బయట ఎండలో నిలబడ్డాం. మొదటి బస్సులోంచే వాళ్ళబ్బాయి దిగాడు. మంగాయమ్మ వాణ్ణి పట్టుకుని గొల్లుమంది. ఆఖరి బస్సు కూడా ఖాళీ అయింది. మా వాడు లేడు.

నాగదేవి ఏడవలేదు. నా ఎడమ చెయ్యి పైకెత్తి, చిటికెన వేలు చూసి, వదిలేసింది.

"ఆలిద్దరూ కలిసెల్లారు," అంది.

ఆ తర్వాత నాతో మాట మానేసింది. కంచం నా ముందు పెట్టి గోడవైపు చూస్తూ కూర్చుంటుంది. వెళ్ళి ఆంగ్ ఆంగ్‌ని నిలదీశాను. "ఎవరు ఓటేశారో జైలువాళ్ళకేం తెలుసు? అదంతా పైవాళ్ళ ఇష్టం," అని నవ్వాడు. ఆ మాట ఇంటికొచ్చి చెప్తే ఆమె చెవిన పెట్టలేదు. మొదట నాకు కోపం వచ్చింది. తర్వాత భయం పట్టుకుంది. ఆమె అన్నదే నిజమైతే? నా పౌరుషానికి నా కొడుకు మగ్గుతున్నాడా?

మందుల షాపులో పుండ్లకి రాసే ఊదా మందు కొన్నాను. చిటికెన వేలు అందులో ముంచి, అమ్మవారి పటం ముందు దీపం పెడుతున్న నాగదేవి పక్కన పీటేసుకుని కూర్చున్నాను.

ఆమె నా వేలు పట్టుకుని వాసన చూసింది.

"ఇది మందు."

చాలా రోజులకి మాట్లాడింది.

"దొంగ ఎన్నికలకి దొంగ సిరా సాలదేటే?"

"ఆలకి సాలుద్ది," అంది. "అమ్మోరికి సాలదు."

లేచి చెంబుతో నీళ్ళు తెచ్చి, కొబ్బరిపీచుతో నా వేలు తోమడం మొదలుపెట్టింది. చర్మం లేచి రక్తం వచ్చింది గాని, రంగు పోలేదు.