వైపు తిరగండి

కారు ఇంటికి వచ్చి నలభై రోజులు దాటింది. ఈ నలభై రోజుల్లో పిచ్చుక వాళ్ళమ్మ ఆ కారు తెర వంక చూసినన్నిసార్లు అద్దంలో తన మొహం కూడా చూసుకుని ఉండదు. తాళం తిప్పగానే తెర వెలుగుతుంది. పాటల బొమ్మ, ఫోను బొమ్మ, గడియారం వరసగా వచ్చి కూర్చుంటాయి. నాలుగోదైన దారి బొమ్మ మాత్రం బూడిదరంగులో నీరసంగా ఉంటుంది. దాన్ని నొక్కితే తెర ఎంతో మర్యాదగా రెండు ముక్కలు చూపిస్తుంది: కమింగ్ సూన్. ఆమెకు ఇంగ్లీషు అంతంతమాత్రమే అయినా, ఆ రెండు ముక్కలు ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా స్పెల్లింగుతో సహా చెప్పగలదు.

కొనే రోజున మొగుడు రంగురంగుల కాగితం చేతిలో పట్టుకుని చదివి వినిపించాడు. "ఫోనును కారు తెరకు కలుపుకోవచ్చట. దారి బొమ్మ మొత్తం ఇంత పెద్దగా కనిపిస్తుంది. ఇంకేం కావాలి నీకు?"

వాక్యం చివర చిన్న నక్షత్రం గుర్తు ఆమె కంటపడింది. "ఆ చుక్క ఏమిటండీ?"

"డిజైనులే."

ఆ డిజైనుకు అర్థం కాగితం వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఉందని కారు ఇంటికొచ్చాక తెలిసింది. కలుపుకోవచ్చు, కానీ ఇప్పుడు కాదు. అప్పటినుంచి ఇంట్లో ఎవరు ఏ మాట దాటేసినా అత్తగారు "డిజైనులే" అంటోంది. కొడుకు తల దించుకుని అన్నం తినేస్తున్నాడు.

అసలు కారు కొన్నదే పిచ్చుక కోసం. పిల్ల ముద్దుపేరు అది. పేరుకే పిచ్చుక గానీ, నాలుగేళ్ళు నిండినా ఇంట్లో కిచకిచ లేదు. పుట్టుకతోనే వినికిడి తక్కువ. ఏడాది పిల్లగా ఉన్నప్పుడు పక్కనే పళ్ళెం ధడాలున కిందపడినా ఉలిక్కిపడకపోతే, "ఎంత ధైర్యమో నా తల్లికి!" అని ఎత్తుకుని ముద్దులు పెట్టుకుంది వాళ్ళమ్మ. ఆ ముద్దులు గుర్తొస్తే ఇప్పటికీ ఆమె తనను తాను తిట్టుకుంటుంది. చెవుల వెనక మిషన్లు పెట్టించేసరికి పిల్లకు మూడేళ్ళు దాటాయి. ఇప్పుడు వారానికి రెండుసార్లు, సోమవారం, గురువారం, పొద్దున పది గంటలకు ఊరికి ఆ చివరనున్న మాటల టీచరు దగ్గరికి తీసుకెళ్ళాలి. అక్కడ పిల్లలు ఎక్కువ, గదులు తక్కువ. చెప్పకుండా మూడు తరగతులు మానేస్తే ఆ వేళ ఇంకొకరికి ఇచ్చేస్తారు. బస్సు తప్పిపోయి ఒకసారి, బస్సే రాక ఒకసారి, రెండు కారు కొనకముందే అయిపోయాయి.

ఇన్నాళ్ళూ మొగుడే కారులో తీసుకెళ్ళాడు. అతను మందుల గోదాములో సూపర్‌వైజరు. వచ్చే సోమవారంనుంచి పొద్దుటి షిఫ్టు వేశారు. ఇక నడపాల్సింది ఆమే.

డ్రైవింగు ఆమెకు వచ్చు. పట్టుబట్టి నేర్చుకుంది, లైసెన్సు తెచ్చుకుంది. రానిది దారి. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసిన మనిషి; రోడ్డు మీది ఇంగ్లీషు బోర్డు కూడబలుక్కుని చదివేలోపు బోర్డు వెనక్కి వెళ్ళిపోతుంది. ఫోనులో దారి చెప్పే ఆడగొంతు ఉంది, అదీ తెలుగులో. కానీ పిచ్చుక ఫోనును బకెట్లో ముంచి స్నానం చేయించిన రోజునుంచి దాని స్పీకరు బొంగురుపోయింది. బ్లూటూతుతో కలిపి కారు స్పీకర్లలో వినాలి. అక్కడే వచ్చింది చిక్కు. కారు నిద్రలేచి చెవి ఒగ్గేలోపు ఫోనులో ఆవిడ మొదటి మాట అనేసి ఉంటుంది. వినపడేది మిగతాదే. మన భాషలోనేమో ఆ మొదటి మాటే ప్రాణం. "ఎడమ వైపు తిరగండి" అన్నది "...వైపు తిరగండి" అవుతుంది. "కుడి వైపు తిరగండి" అన్నదీ అంతే.

"ఏ వైపో చెప్పదేమే?" అంది అత్తగారు, మొదటిసారి వెనక సీట్లో కూర్చుని విన్నప్పుడు. "అచ్చం మీ మామయ్యే. సగం మాట నోట్లోనే ఉంచుకునేవారు. ఆ సగం నేను వెతుక్కోవాలి."

మొగుడు ఒకసారి గొంతును ఇంగ్లీషులోకి మార్చి చూశాడు. అందులో దిక్కు వినపడింది గానీ, దానితోపాటు రోడ్ల పేర్లు, మీటర్ల లెక్కలు గుక్క తిప్పుకోకుండా వచ్చి మీదపడ్డాయి. వాటిలోంచి లెఫ్టును ఏరుకునేసరికి మలుపు దాటిపోయింది. పోనీ ఫోనును ఎదురుగా తగిలించుకుంటే? అదీ అయింది. మొదటి వారంలోనే దాని వంక చూస్తూ గేటు స్తంభాన్ని ముద్దు పెట్టుకుంది. ఆ రోజే మొగుడు కచ్చితంగా చెప్పాడు. "ఫోను ముందు వద్దు. పెద్ద తెర మీద దారి వచ్చేదాకా పిల్లను పెట్టుకుని నువ్వొక్కదానివీ వెళ్ళొద్దు. నీకేమన్నా అయితే..." ఆమె ఫోను హోల్డరును తీసి, పిచ్చుక బొమ్మలు చూసుకోవడానికి ముందు సీటు వీపుకు తగిలించింది.

షోరూముకు అత్తాకోడళ్ళిద్దరూ వెళ్ళారు. సర్వీసు అడ్వైజరు ఇస్త్రీ నలగని చొక్కాతో, అంతకన్నా నలగని నవ్వుతో కూర్చోబెట్టాడు.

"ఎప్పుడొస్తుంది బాబూ?"

"వచ్చేస్తుందండీ."

"పోయిన నెలా అదే అన్నారు కదా. పిల్ల క్లాసు పోతుంది బాబూ."

"నా చేతుల్లో ఉంటే ఇప్పుడే ఇచ్చేద్దునండీ. పై నుంచి అప్‌డేట్ వదలాలి. మీరు మళ్ళీ ఇక్కడికి రానక్కర్లేదు, గాలిలోనే వచ్చేస్తుంది. అది వస్తే గొంతు కూడా తెగకుండా వస్తుంది."

మర్నాడు పొద్దున పాల కోసం కిందికి దిగిన పిచ్చుక వాళ్ళమ్మకు సెల్లార్లో వింత దృశ్యం కనిపించింది. కారు కవరు తీసేసి ఉంది. నాలుగు కిటికీలూ బార్లా తెరిచి ఉన్నాయి. అత్తగారు పక్కన కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంది.

"ఏం చేస్తున్నారు అత్తయ్యా?"

"గాలిలో వస్తుందన్నాడుగా ఆ అబ్బాయి. నువ్వేమో తలుపులన్నీ బిగించి, పైన దుప్పటి కప్పి పెడితివి. ఎక్కడినుంచి దూరుతుందే అది?"

నెల రోజుల్లో మొదటిసారి ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వి, ఆ నీళ్ళు ఆగక అక్కడే కుర్చీ పక్కన చతికిలబడింది. అత్తగారు కోడలి తల తన మోకాలికి ఆనించుకుంది.

"రాకపోతే రానీయవే. అది లేకపోతే మనకు దారే లేదా?"

"నాకు భయంగా ఉంది అత్తయ్యా. తప్పు దారిలో పోయి ఆలస్యమైతే? దాని వేళ ఇంకొకరికి ఇచ్చేస్తే? ఇప్పటికే నా మూలంగా రెండేళ్ళు..."

"నీ మూలంగానా? పళ్ళెం పడ్డప్పుడు నేనూ అక్కడే ఉన్నా. నేనూ ముద్దు పెట్టుకున్నా." పెద్దావిడ కోడలి భుజం తట్టింది. "లే. ముందు కిటికీలు మూయి, దోమలు దూరుతున్నాయి."

ఈ గాలి సంగతి విన్న అపార్టుమెంటు వాచ్‌మన్, సెల్లార్లో ఫోనుకే సిగ్నలు అందదు, కారుకేం అందుతుందని, బండిని పైన ఆరుబయట పెట్టుకోమన్నాడు. "చూశావా, గాలి కావాలని నేను అనలేదూ?" అని అత్తగారు రెండు రోజులు తల ఎగరేసుకుని తిరిగింది. బండిని ఆరుబయట పెట్టారు. తెర మీద బూడిదరంగు మాత్రం బూడిదరంగుగానే ఉంది.

సోమవారం ఇంకా ఒక్క రోజు ఉందనగా మొగుడే దిగొచ్చాడు. ఆదివారం ఆమెను స్టీరింగు ముందు కూర్చోబెట్టి, ఆ దారిలో మూడుసార్లు తిప్పాడు. పెట్రోలు బంకు దగ్గర కుడి, నీలం అద్దాల మేడ దగ్గర ఎడమ, వంతెన దిగాక నేరుగా. ఆమె దాన్ని ఎక్కం అప్పజెప్పినట్టు అప్పజెప్పింది.

"దడగా ఉందా?" అని అడిగాడు.

"మీకు?"

"నాకేం..." అన్నాడు గానీ, సీటు బెల్టును పట్టుకున్న అతని చెయ్యి ఇంకా వదల్లేదు.

సోమవారం, తోడొస్తానన్న అత్తగారికి మోకాళ్ళు పట్టేసి కదల్లేకపోయింది. తల్లీ పిల్లా ఇద్దరే బయల్దేరారు. పిచ్చుకను వెనక దాని సీట్లో కట్టి, దాని ఎదురుగా ముందు సీటు వీపుకున్న హోల్డరులో ఫోను పెట్టి, దారి బొమ్మ పెట్టింది. తెలిసిన దారే అయినా ధైర్యానికి ఆ గొంతు ఉండాలి. పిల్ల చేతుల మీద మాటల టీచరు ఇచ్చిన బిళ్ళలు అంటించి ఉన్నాయి: ఎడమ చేతికి ఎర్రది, కుడి చేతికి నీలంది. ఈ నెల హోంవర్కు అది. బాణం గుర్తున్న అట్ట చూపిస్తే పిల్ల ఆ వైపు చేత్తో టపీమని చరచాలి, ఆ మాట అనాలి. చరచడం ఎప్పుడో వచ్చేసింది. అనడమే రాలేదు. నోరు తెరుస్తుంది, మూసేస్తుంది. వాళ్ళమ్మ "ఎ... డ... మ..." అని రోజుకు వందసార్లు అంటుంది. తన నోరే నొప్పి పుడుతుంది.

పెట్రోలు బంకు దగ్గర కుడి అయింది. ఆమె ఊపిరి పీల్చుకుంది. నీలం అద్దాల మేడ కనిపించింది, దాని ముందు పసుపు రంగు అడ్డాలూ కనిపించాయి. గొట్టాలు వేయడానికి రోడ్డు తవ్వేశారు. టోపీ పెట్టుకున్న పనివాడు ముందుకు పొమ్మని చెయ్యి ఊపాడు. ముందుకు పోతే ఎక్కడికి? అప్పజెప్పిన ఎక్కం అక్కడితో తెగిపోయింది.

నాలుగు రోడ్ల కూడలి వచ్చింది. గడియారంలో పదికి పది నిమిషాలు తక్కువ. స్పీకర్లలో ఆవిడ గొంతు విప్పింది.

"...వైపు తిరగండి."

"ఏ వైపు తల్లీ!" అని అరిచింది పిచ్చుక వాళ్ళమ్మ. వెనక హారన్లు చెవులు గింగురుమనిపించాయి. బోర్డు మీద ఇంగ్లీషులో నాలుగు పేర్లు. వాటి మొదటి అక్షరాలు కూడా కళ్ళకు ఆనలేదు. బ్రేకు మీదనుంచి కాలు తీయలేదు. మూడోది, ఇదే మూడోది, అని తలలో ఒకటే మోత.

టప్.

వెనకనుంచి వచ్చింది ఆ చప్పుడు. సీటు చేతి మీద చిన్న అరచెయ్యి పడ్డ చప్పుడు.

టప్, టప్.

అద్దంలోకి చూసింది. పిచ్చుక ఫోనునే చూస్తోంది. తెర మీద ఇంత లావు బాణం. పిల్లకు అది దారి కాదు, హోంవర్కు. ఎర్రబిళ్ళ ఉన్న చెయ్యి పైకి లేచి మళ్ళీ పడింది. వాళ్ళమ్మ కదలకపోయేసరికి పిల్లకు కోపం వచ్చింది. మొహం ఎర్రబడింది. నోరు తెరిచింది.

"ఎ... మ!"

మధ్య అక్షరం లేదు. అయినా కుడి కాదది. ప్రపంచంలో ఇంకే మాటా కాదు.

"ఎమ! ఎమా!"

ఆమె సిగ్నలు వేసి ఎడమకు తిప్పింది. కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు, అందుకని కన్నీళ్ళను వాటి దారిన పోనిచ్చింది. తర్వాతి మలుపులో గొంతు మళ్ళీ మొదటి మాట మింగింది. వెనకనుంచి నీలంబిళ్ళ టపీమంది, "ఉయి!" అని వినపడింది. కారు ఒక మాట మింగితే, పిల్ల ఒక అక్షరం మింగుతోంది. ఇద్దరివీ కలిపితే దారి దొరుకుతోంది.

తరగతికి రెండు నిమిషాలు ఆలస్యంగా చేరారు. మాటల టీచరు రిజిస్టరు తెరిచి చేతిలో పెన్నుతో ఉంది. పిచ్చుక వాళ్ళమ్మ గుమ్మంలోనే రొప్పుతూ మొదలుపెట్టింది. "రోడ్డు తవ్వేశారండీ... మానలేదండీ, వచ్చాం..."

"వచ్చారుగా. కూర్చోండమ్మా, నీళ్ళు తాగండి," అంది టీచరు, పిచ్చుక పేరు ఎదుట టిక్కు పెట్టి. తర్వాత అలవాటుగా ఎడమకు బాణం ఉన్న అట్ట తీసి చూపించింది. పిల్ల ఆవిడ వంక జాలిగా చూసి, ఇంత పెద్ద మనిషికి ఇది కూడా తెలియదా అన్నట్టు, "ఎమ" అంది. పెన్ను టీచరు చేతిలోంచి జారి కింద పడింది. ఆ చప్పుడుకు పిచ్చుక ఉలిక్కిపడింది.

తల్లి అది చూసింది. ఉలిక్కిపడటం అంత అందంగా ఉంటుందని ఆమెకు తెలియదు.

మూడు వారాల తర్వాత, ఒక గురువారం పొద్దున, ఆమె తాళం తిప్పగానే తెర ఎప్పటిలా వెలగలేదు. కొత్త అక్షరాలు వచ్చాయి. వీడ్కోలు చెప్పడానికి కిటికీ దగ్గర నిలబడ్డ అత్తగారు లోపలికి తొంగిచూసింది.

"ఏమిటే అది?"

ఆమె నిదానంగా కూడబలుక్కుంది. అప్‌డేట్ సిద్ధం. ఇరవై నిమిషాలు పడుతుంది. అంతసేపూ బండి కదపరాదు. కింద రెండు గడులు: ఇప్పుడు, తర్వాత.

"వచ్చిందా! గాలిలోనే?" అంది అత్తగారు. ఆశ్చర్యంతో ఆకాశం వంక కూడా ఒకసారి చూసింది.

గడియారం తొమ్మిదింబావు. కళ్ళు కాయలు కాసేలా దీని కోసమే ఎదురుచూసింది. వేలు "ఇప్పుడు" దాకా వెళ్ళింది. వెనక పిచ్చుక అప్పటికే ఎర్రబిళ్ళ చెయ్యి పైకెత్తి, గేటు దగ్గర మొదటి మలుపు కోసం సిద్ధంగా కూర్చుంది.

"అమ్మా," అంది పిచ్చుక, "ఎడమ!"

అక్షరం పోలేదు. మూడూ ఉన్నాయి.

ఆమె "తర్వాత" నొక్కి, బండి కదిలించింది.