మిగిలిన నాలుగు పేజీలు

ఎడమచేత్తో బిస్కెట్ పొట్లాలు ముందుకు తోస్తూ, కుడిచేత్తో విరిగినవి ఏరి తొట్టిలో వేస్తూ, కస్తూరమ్మ మనసులో హంతకుడి కోసం వెతుకుతోంది. తిరువళ్లూరు దగ్గరి ఈ కంపెనీలో పద్దెనిమిదేళ్లుగా అదే బల్ల, అదే పని. సీలు వేసే ఇనుప పట్టీ తగిలి తగిలి వేళ్ల కొసలు నున్నగా కాలిపోయాయి. యాభై రెండేళ్ల మనిషి, పొట్టి. ఎడమ మోకాలు సరిగా వంగదు. తిరుత్తణిలో పొద్దున్నే రైలెక్కితే, ఆమె ఎక్కిందనీ దిగిందనీ పక్క సీటు వాళ్లకు కూడా తెలియదు.

ఆ రక్తం తాగే దొర సీరియల్ వచ్చాకే ఆమె కథ కాస్త మారింది. తమిళంలో డబ్బింగ్ చేసిన సీరియల్. కొండమీద ఊరు, పాత బంగళా, మూడువందల ఏళ్లుగా చావని దొర, అతన్ని ప్రేమించిన నర్సు. ఊళ్లో ఒకరి తర్వాత ఒకరు చస్తుంటే అందరూ దొరనే అనుమానిస్తారు. ప్యాకింగ్ ఆడవాళ్లంతా నోరు తెరుచుకుని చూశారు. తీరా హంతకుడెవరో చెప్పకుండానే టీవీవాళ్లు దాన్ని అర్ధాంతరంగా ఆపేశారు. మిగతావాళ్లు నాలుగు తిట్లు తిట్టి ఊరుకున్నారు. కస్తూరమ్మ ఊరుకోలేదు. అది పుస్తకంలోంచి తీసిన కథ అని విని, తమిళ అనువాదం వెతికించి తెప్పించుకుంది. ఎనిమిదో తరగతితో బడి మానేశాక ఆమె చేతపట్టిన మొదటి పుస్తకం అదే.

రోజూ భోజనాల వేళ దాన్ని తెరిచేది. కళ్లతో తమిళం చదివి, నోటితో తెలుగులో చెప్పేది. నగరి వైపు నుంచి పనికొచ్చేవాళ్లకు తమిళం చదవడం రాదు మరి. ఆమె నోట్లో పడి ఆ దొర కూడా, "నిన్ను కొరకను పిల్లా, బయపడాకు" అని మన యాసలోనే ప్రేమించేవాడు. ఇంట్లో మొగుడు మునియప్ప గానీ, కొడుకు సెల్వం గానీ ఆమె మాట పూర్తయ్యేదాకా ఏనాడూ ఆగింది లేదు. ఇక్కడ పదిహేనుమంది చేతిలో ముద్ద పట్టుకుని ఆగేవాళ్లు. ఆ సంతోషం ఆమెకు ఒంటబట్టింది.

ఆ మధ్యాహ్నం భోజనవేళ అయిపోయిందని గంట మోగింది. ఒక్కరికీ వినబడలేదు. సూపర్‌వైజర్ శశికుమార్ వచ్చేసరికి పది నిమిషాలు దాటాయి. మిషను ఖాళీగా తిరుగుతోంది. అతను పుస్తకం లాక్కున్నప్పుడు ఇంకా నాలుగు పేజీలే మిగిలాయి.

"ఇదేందమ్మా, పేయి పుస్తకమా, దెయ్యాల కతలా? అందర్నీ చెడగొడతా ఉండావే!"

"అయ్యో, ఎవురు చంపినారో తెలీకపాయె కదక్కా," అని కొత్తగా చేరిన మధుమిత గొణిగింది.

సాయంత్రం కస్తూరమ్మను గదికి పిలిపించాడు. బల్లమీద తెల్లకాగితం, పెన్ను సిద్ధంగా పెట్టాడు.

"చెడ్డ పుస్తకం చదివినా, ఇంక చదవను, మన్నించండి అని మన్నిప్పు రాసీ. లేదంటే రేపు గేటు దాటొద్దు."

"పది నిమిషాలు ఆలస్యమైనందుకు రాస్తా సార్, అది నా తప్పే. పుస్తకానికి మాత్రం రాయను."

"రెండిటికీ రాయాల."

కస్తూరమ్మకు ఒళ్లు మండింది. అన్నం చల్లారినా, కొడుకు పరీక్ష తప్పినా, వాన రాకపోయినా తప్పు తనదేనని తలవంచిన మనిషి. ఉన్న ఒక్క సంతోషాన్ని కూడా తప్పని తన చేత్తోనే రాయాలా? అప్పుడు చూసింది, బల్లకు అటువైపు తన పుస్తకం. తను ఆపిన చివరి పేజీల దగ్గర కాదు, ఎవరో మొదట్నుంచి చదువుతున్నట్టు ముందు పేజీల్లోనే తెరిచి, బోర్లా పెట్టి ఉంది. ఓహో, సారు కూడా ఆ సీరియల్ చూసినవాడే!

"ముందు ఆ నాలుగు పేజీలు చదువుకోనీ సార్. ఏం తప్పు చేసినానో పూర్తిగా తెలిస్తే కదా రాసేది."

అతను పుస్తకాన్ని ఆమె వైపు తోశాడు. "సరే, బిన్నా కానీ, బస్సు పోతాది," అన్నాడు.

పట్టేసిన మోకాలిని కుర్చీకి ఆనించి, నిలబడే చదివింది. బయట కంపెనీ బస్సు రెండుసార్లు హారన్ కొట్టింది. ఆమె తొందరపడలేదు. ఒకచోట ఆగి, పైటకొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఎవురంట?" శశికుమార్ నోరు జారింది.

ఆమె పుస్తకం మూసి సంచిలో వేసుకుంది. వంగి, నింపాదిగా కాగితంమీద రాసి, పెన్నుకు మూత పెట్టి, బయటికి నడిచింది. బస్సు కిటికీల్లోంచి తలలన్నీ బయటికొచ్చాయి. "ఎవురక్కా?" అని అరిచారు. "ఉండండే, వరసగా చెప్తా!" అంటూ ఎక్కింది. తిరువళ్లూరు స్టేషన్ దాకా చెబుతూనే ఉంది. మర్నాడు ఆమె బల్ల దగ్గర వేరే మనిషి నిలబడింది.

శశికుమార్ బల్లమీద ఆ కాగితం మిగిలింది. కింద తేదీ, టోకెన్ నంబరు, సంతకం అన్నీ పద్ధతిగా ఉన్నాయి. పైన, గుండ్రటి తమిళ అక్షరాల్లో ఒకే ఒక్క మాట: చంపింది ఆ నర్సే.