భ్రమరాంబ గారి మోకాలు

నేను ఒక టీ గ్లాసును. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈ మధ్య కొన్నేళ్ళు నన్ను ఎత్తి చూపించి “చైనా నుంచి తెప్పించిన పరికరం” అని జనాన్ని నమ్మించారు. చైనా లేదు, చట్టుబండలూ లేదు. ఉత్తరాదిన ఎక్కడో ఒక కొలిమి దగ్గర, పొట్టకూటికి ఊపిరితిత్తులు మాడ్చుకునే మనుషుల మధ్య పుట్టాను. గడ్డి చుట్టి లారీలో పడేస్తే చీరాలలో బస్టాండు ఎదురుగా ఉన్న బాజీ టీ కొట్లో దిగాను. నేను చేసిన దేశాటన అంతే.

బాజీ దగ్గర నాకు మర్యాద లేదు గానీ పని ఉండేది. ఎన్ని పెదవులు తగిలాయో నాకే లెక్కలేదు. పక్కన కూర్చున్నవాడితో తియ్యగా మాట్లాడి, వాడు అటు లేచి వెళ్ళగానే “వీడొక పెద్ద దొంగ” అనేవాళ్ళని రోజూ చూశాను. మీ మీద నాకున్న గౌరవం అక్కడే అడుగంటింది. తరవాత రోగాల కాలం వచ్చింది, దాని వెనకాలే కాగితం కప్పులు వచ్చాయి. ఒకడు తాగింది ఇంకొకడు ముట్టుకోకూడదట. మమ్మల్ని గోనెసంచిలో మూటగట్టి బల్ల కింద తోశారు. పాత సామాన్లవాడు రేపో మాపో వస్తాడనగా విద్యాసాగర్ వచ్చాడు.

విద్యాసాగర్ అంతకు ముందు ఇంటింటికీ తిరిగి నీళ్ళ ఫిల్టర్లు అమ్మేవాడు. అవి లీకయ్యాయని జనం తిట్టడం మొదలెట్టాక బెజవాడ పోయి ఏదో శిక్షణ పొంది, అద్దం కట్టించిన సర్టిఫికెట్టుతో తిరిగొచ్చాడు. గోడకి ఒక బట్టతల మనిషి పటం తగిలించాడు, ఆ మనిషికి ఒళ్ళంతా చుక్కలే. ఏ చుక్కలో సూది గుచ్చితే ఏ నొప్పి పోతుందో తనకి తెలుసునని చెప్పేవాడు. ఊళ్ళో వాళ్ళకి సూదుల డాక్టరయ్యాడు. నిజం చెప్పొద్దూ, చెయ్యి మెత్తనిది, మాట అంతకన్నా మెత్తనిది. మోకాళ్ళు అరిగిన ముసలమ్మలు వచ్చి, సూదులు గుచ్చించుకుని, అరగంట పడుకుని, కొంచెం హాయిగా ఉందంటూ వెళ్ళేవాళ్ళు. ఆ హాయి సూదులదో, అరగంట సేపు వంటింటికి దూరంగా పడుకోవడానిదో నేను చెప్పలేను.

సూదులతో పాటు గ్లాసులు పట్టడం కూడా ఉండేది. అసలు గ్లాసులు ఆయన భార్య కడుగుతుంటే పగిలాయి. ఆ పూట బాజీ దగ్గర టీ తాగుతూ మమ్మల్ని చూసి, అరడజను మందిని సంచిలో వేసుకుపోయాడు. అలా నేను వైద్యంలోకి దిగాను. మీలో చాలామంది దిగిన తీరు కూడా ఇంతకన్నా గొప్పదేం కాదులెండి.

పని చాలా తేలిక. స్పిరిట్లో ముంచిన దూది వెలిగించి నా కడుపులోకి పెట్టి తీసి, ఆ వేడి ఆరకముందే ఒంటిమీద బోర్లిస్తాడు. పట్టుకుంటాను. కండ పూరీలాగా ఉబ్బి నాలోకి లేస్తుంది. తీసేశాక గుండ్రంగా మచ్చ మిగులుతుంది. ఆ మచ్చ చెడురక్తమని విద్యాసాగర్ చెప్పాడు. ఇంక చూడాలి ఆడవాళ్ళ సంబరం! హాల్లో కూర్చుని చీర కుచ్చిళ్ళు పైకెత్తి ఒకరి మచ్చలు ఒకరు చూసుకునేవాళ్ళు. “నీకెంత నల్లంగా వచ్చిందే!” అంటే పట్టుచీర మెచ్చుకున్నంత సంతోషం. ఎర్రగా వచ్చిన మనిషి మొహం మాడిపోయేది. ఎంత నలుపైతే అంత వైద్యం జరిగినట్టు. ఎవరి కండ పీల్చినా నల్లబడుతుందని ఒక్కరికీ తట్టలేదు.

ఆ హాల్లోకి ఒకరోజు భ్రమరాంబ వచ్చింది. బట్టల కొట్టు పూర్ణచంద్రరావు గారి భార్య. రెండు మోకాళ్ళూ అరిగాయి, ఎడమది మరీను. ఎముకల డాక్టరు ఆపరేషన్ అన్నాడని ఆయన్ని తిట్టి వచ్చేసింది. ఆముదం రాసి జిల్లేడాకు కాచి కట్టింది, ఆవాల పట్టు వేసింది, అయస్కాంతాల పరుపు కొని దాని మీద పడుకుంది. అన్నీ అయ్యాక మా దగ్గరికి. కూతురు హారిక పెళ్ళి నెల రోజుల్లోకి వచ్చింది. కన్యాదానానికి భర్త పక్కన పీట మీద మఠం వేసుకుని కూర్చోవాలి. కూర్చోగలిగితే చాలు, తరవాత ఏమైపోయినా ఫరవాలేదంది.

“ఇప్పుడందరూ కుర్చీలేసుకుంటున్నారు గదమ్మా,” అన్నాడు విద్యాసాగర్.

“మా ఇంటా వంటా లేదు. కుర్చీలో కూర్చోని పిల్లనిచ్చేదానికి అదేమన్నా సినిమా హాలా?”

పరుపు మీద పడుకున్న మనిషి నోరు ఊరుకోదు. సూదులు గుచ్చుతుండగానే అసలు సంగతి కక్కేసింది. ఆమె కూర్చోలేకపోతే ఆ పీటల మీద మరిది శేషగిరీ, తోడికోడలు హైమావతీ కూర్చుంటారు. హైమావతికి పిల్లలు లేరు. హారిక పుట్టినప్పటి నుంచి భ్రమరాంబ ఆ మనిషిని పిల్ల శుభకార్యాలకి ఆమడ దూరాన ఉంచింది. బారసాల నాడు ఉయ్యాల తాడు పట్టుకోబోతే చెయ్యి విదిలించింది. పిల్ల పెద్దమనిషైనప్పుడు వరసగా అందరి చేతా అక్షింతలు వేయించి, హైమ వంతు వచ్చేసరికి పళ్ళెం ఎత్తేసింది. ఇవన్నీ సిగ్గుపడుతూ చెప్పిందనుకుంటున్నారా? కంచిపట్టు ఎక్కడ బేరమాడిందో చెప్పినట్టు చెప్పింది.

“మా ఆయన ఏమన్నాడో తెలుసా డాక్టరు గారూ? ‘పోనీలేవే, హైమ కూర్చుంటదిలే, దానికీ కాస్త ముచ్చట తీరిద్ది’ అన్నాడు. నేను బతికుండగా ఆ గొడ్రాలు నా బిడ్డని దానమిచ్చేదా? నా కాళ్ళు రెండూ నరికి పీట మీద పెట్టినా సరే, నేనే కూర్చుంటా.”

“మీకు షుగరేమన్నా ఉందామ్మా?” అనడిగాడు విద్యాసాగర్. షుగరున్న వాళ్ళకి గ్లాసులు పట్టనని అంతకు ముందే హాల్లో ఎవరితోనో అన్నాడు. అది ఆమె విన్నది.

“నాకెందుకుంటది? మా వంశంలోనే లేదు,” అంది. పొద్దున్నే మాత్ర మింగి వచ్చిన నోటితోనే అంది.

సూదులతో కొంచెం తేలికపడింది. ఆ కొంచెం ఆమెకి చాల్లేదు. గ్లాసులు కావాలంది. మొదటిసారి నన్ను ఎడమ మోకాలి పక్కన మెత్తటి చోట బోర్లించాడు. తీసి చూస్తే లేత గులాబీ రంగు మచ్చ. ఆమెకి ఎక్కడ లేని అవమానం జరిగినట్టయింది.

“ఇదేందండీ? ఆ సుబ్బాయమ్మకి నేరేడుపండు లాగా వచ్చింది. నాకు మాత్రం ఇట్టా? ఇంకా మంట పెట్టండి. ఎక్కువసేపు ఉంచండి.”

“కాలిద్దమ్మా.”

“కాలితే నాకు తెలవదా? నేను చెప్తాగా!”

ఆమెకి తెలియలేదు. షుగరు ఆ కాలి చర్మాన్ని మొద్దు చేసి చాలా కాలమైంది. పైగా టీ గ్లాసుని, నా అంచు మందం. వేడి పట్టుకుంటే ఒక పట్టాన వదలను. తరవాతిసారి విద్యాసాగర్ నన్ను మోకాలి వెనక మడతలో పట్టించి, ఇంకో పరుపు మీది మనిషిని చూడబోయాడు. నా కింద చర్మం ఉడుకుతోంది. నాకు నోరుంటే అరిచేదాన్నా? అరిచేదాన్ని కాదు. ఆ ఉయ్యాల తాడు కథ విన్నాక నాకూ కొంచెం కసిగానే ఉంది. నేనేమీ దేవుడి గుళ్ళో గంటను కాను.

తీసేసరికి నల్లగా వచ్చింది. ఆమె అద్దం తెప్పించుకుని వెనక్కి తిరిగి చూసుకుని, “అబ్బ, ఇదీ వైద్యమంటే!” అంది. హాల్లో అందరికీ చూపించింది. ఇంటికి పోయాక బొబ్బ లేచింది, చితికింది, పుండైంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే పీట పోతుందని భయం. పసుపు అద్ది, పాత పంచె పేలిక కట్టి, చీర కుచ్చిళ్ళు కిందికి దించి, పెళ్ళి పిలుపులకి తిరిగింది. ఎవరన్నా అడిగితే కాలు ఇప్పుడు చాలా నయమనేది.

పెళ్ళి నాటి పొద్దున విద్యాసాగర్‌కి కబురొచ్చింది, సామానుతో సహా కల్యాణమండపానికి రమ్మని. వేదిక పక్క గదిలో మంచం మీద భ్రమరాంబ పట్టుచీరతో పడుకుని ఉంది. ఒళ్ళు జ్వరంతో పేలిపోతోంది. కట్టు విప్పేసరికి వాసనకి పూర్ణచంద్రరావు గారు మొహం తిప్పుకున్నారు. మోకాలు గుమ్మడికాయంత అయింది. విద్యాసాగర్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

“అమ్మా... షుగరుందా మీకు?”

“ఉంది.”

“లేదన్నారు గదమ్మా!”

“ఉందంటే చేసేవాడివా?”

“ఇప్పుడే పెద్దాసుపత్రికి పోవాల. కాలికే ముప్పు.”

“ముందు నన్ను పీట మీద కూర్చోబెట్టు. ఆ తరవాత శ్మశానానికి రమ్మన్నా వస్తా.”

నాకు మొట్టమొదటిసారి ఆమె మీద జాలి వేసింది. ఎక్కువసేపు నిలవలేదు గానీ, వేసింది. ఆమె మంచం అంచున చేతులు ఆనించి, పళ్ళు బిగబట్టి, ఆ కాలు మడవబోయింది. ఆ కేక మండపమంతా వినపడాల్సిందే. కానీ సరిగ్గా అప్పుడే పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మేనమామలు తెస్తున్నారు, బాజాభజంత్రీలు హోరెత్తిపోతున్నాయి. ఎవరికీ వినపడలేదు. కాలు మడత పడలేదు. కుర్చీలో కూర్చునేంత కూడా వంగలేదు.

విద్యాసాగర్ పారిపోదామనుకున్నాడు. గుమ్మంలో భర్త నిలబడి చూస్తున్నాడు. ఏదో ఒకటి చేస్తున్నట్టు కనిపించాలి కాబట్టి నన్ను తీసి, మంట పెట్టి, మోకాలికి జానెడు పైన తొడకి పట్టించాడు. మీ వైద్యాల్లో సగం ఇందుకే పుట్టాయని నా అనుమానం.

పురోహితుడి గొంతు మైకులో వినపడింది. “పూర్ణచంద్రరావు గారూ, ముహూర్తం దగ్గరపడింది. భార్య పక్కన లేకుండా కన్యాదానం కుదరదు. తమ్ముడూ మరదలూ ఉన్నారుగా, గోత్రం ఒకటేగా, వాళ్ళని కూర్చోబెట్టండి.”

“నాకొద్దు బావగారూ, అక్క ఊరుకోదు,” అంది హైమావతి.

ఆ వెంటనే మైకులోనే ఇంకో గొంతు. హారికది. “రా పిన్నీ. నువ్వే కూర్చో. నాకిష్టం.”

ఆ ‘నాకిష్టం’ అన్న మాట భ్రమరాంబకి ఏ సూదికన్నా లోతుగా దిగింది. పురోహితుడు మంత్రాలు చదువుతూ మధ్యలో తెలుగులో చెబుతున్నాడు. “అమ్మాయి తల్లిగారూ, నీళ్ళు పొయ్యండి. ధార తెగకూడదు తల్లీ. ఆఁ, అట్లాగే.” నీళ్ళు పళ్ళెంలో పడుతున్న చప్పుడు మైకులో స్పష్టంగా వినిపించింది. భ్రమరాంబ ఆ చప్పుడు ఆగేదాకా ఊపిరి తీసుకోలేదు. నేను ఆమె తొడని పట్టుకునే ఉన్నాను, నాకు తెలుసు.

తాళి కట్టడం అయ్యాక హైమావతి గదిలోకి వచ్చింది. పూర్ణచంద్రరావు గారు కారు కోసం పోయారు, విద్యాసాగర్ అసలు కనపడకుండా పోయాడు, నన్ను తియ్యడం కూడా మరిచి. హైమావతి చేతిలో అక్షింతల పళ్ళెం ఉంది. దాన్ని మంచం మీద పెట్టి, మంచం పక్కన నేల మీద హాయిగా మఠం వేసుకుని కూర్చుంది.

“ఇట్టా కూర్చున్నా అక్కా. అంతే. ఇంతోటి దానికి పాతికేళ్ళు నీ మనసుని బతిమాలుకున్నా. అది ఇయ్యలా. నీ మోకాలిచ్చింది. దానికన్నా ఒక దణ్ణం పెట్టుకోనియ్యి.”

అని వంగి రెండు చేతులూ ఆ మోకాలి చుట్టూ వేసి కళ్ళకద్దుకుంది. ఊరికే తాకిందా, నొక్కిందా అని మీరడిగితే, నొక్కింది. వేళ్ళు వెనక్కి పోనిచ్చి పుండు మీదే నొక్కింది. నెమ్మదిగా, భక్తిగా నొక్కింది.

భ్రమరాంబ కేక కూడా వెయ్యలేదు. తొడకి అతుక్కున్న నన్ను పెరికి, ఆ మొహం మీదికి విసిరింది. జ్వరం పట్టిన చెయ్యి, గురి తప్పింది. హైమావతి చెవి పక్కనుంచి పోయి గడప దగ్గర నాపరాయికి తగిలి నూరు ముక్కలయ్యాను.

అప్పుడే గుమ్మంలోకి హారిక వచ్చింది. కొత్త మొగుడి కొంగుముడితో, తల్లి కాళ్ళకి దణ్ణం పెట్టుకోవడానికి వచ్చింది. పారాణి పెట్టిన కాళ్ళు, చెప్పుల్లేవు.

“ఆగు తల్లీ, ఆడనే ఆగు!” హైమావతి లేచి చెయ్యి అడ్డం పెట్టింది. “గాజు పెంకులు. పెళ్ళికూతురివి, కాల్లో నెత్తురు రాకూడదు.”

“ఏమైంది పిన్నీ?”

“ఏం లేదమ్మా. మీ అమ్మ చెయ్యి జారింది.”

భ్రమరాంబ “లోపలికి రావే, పక్కనుంచి రావే” అంది. నోరెండిపోయి మాట సగమే వచ్చింది. వెనక నుంచి ఎవరో ఫోటోలకి వేళవుతోందని కేకేశారు. హారిక గడప అవతలే వంగి, నేలకి దణ్ణం పెట్టింది. తల్లి పళ్ళెంలోంచి గుప్పెడు అక్షింతలు తీసి, మంచం మీంచే కూతురి తల వైపు విసిరింది. అవి అంత దూరం పోలేదు. సగం దారిలో, నా మీద పడ్డాయి.

హారిక లేచి వెళ్ళిపోయింది. ఎవరో చీపురు తెచ్చి నన్నూ అక్షింతల్నీ కలిపి ఊడ్చి, మండపం వెనక ఎంగిలాకుల కుప్పలో పోశారు. భ్రమరాంబని ఆ మధ్యాహ్నమే గుంటూరు తీసుకెళ్ళారు. కాలు ఉంచారో తీశారో నాకు తెలియదు, చెత్తకుప్ప దాకా కబుర్లు రావు. ఇక్కడ ఒక కోడి మాత్రం వచ్చింది. నా ముక్కల మధ్య నుంచి ఆ పసుపు గింజల్ని, ముక్కుకి గాజు తగలకుండా, ఒక్కొక్కటే ఏరుకుని తింటోంది.