క్లబ్బు బోర్డు మీద పదకొండు పేర్లు

రోసెందో మా ఊళ్ళో ఉండడానికి ఇంకా ఏడు వారాలే మిగిలాయని తెలిసిన రోజు నాకు ముద్ద దిగలేదు.

అతను ఫిలిప్పీన్స్ మనిషి. మూడేళ్ళుగా పక్క ఫారంలో ఆవుల్ని చూసేవాడు. ఆ ఫారం వాళ్ళు డిసెంబరులో మందను అమ్మేసి సముద్రం ఒడ్డుకు వెళ్ళిపోయారు. వీసాకు స్పాన్సర్ చేసిన యజమాని లేకపోతే, నూట ఎనభై రోజుల్లో ఇంకో యజమాని పూచీ పడాలి. లేదంటే విమానం ఎక్కాల్సిందే. తన బతుకంతా ఇంకొకరి సంతకం మీద నిలబడితే మనిషికి నిద్ర ఎలా పడుతుందో నాకు అర్థమయ్యేది కాదు. అతను మాత్రం రోజూ గడ్డం గీసుకుని, ఈల వేసుకుంటూ మా పాల షెడ్డుకు వచ్చేవాడు. ఈలోగా మా దగ్గర పనిచేసుకోవడానికి అభ్యంతరం లేదన్నారు వీసా ఆఫీసువాళ్ళు.

అతని అవసరం మాకూ ఉంది. మా ఆయన కోలిన్ నడుం ఆపరేషన్ తర్వాత షెడ్డు మెట్లు ఎక్కలేదు. రెండు వందల నలభై ఆవులకు మా అబ్బాయి డార్సీ ఒక్కడే. కిందటేడు ఆవులు ఈనే కాలంలో వాడు పొలంలో తిరిగే నాలుగు చక్రాల మోటారు బండి నడుపుతూనే కునుకు తీసి కాలవలో పడ్డాడు. బండి వాడి పక్కన పడింది, మీద పడలేదు. మధ్యలో ఉన్న ఆ అడుగు దూరాన్ని నేను రోజూ కొలుచుకుంటూనే ఉన్నాను. జూలైలో మళ్ళీ ఈతలు మొదలవుతాయి. ఊళ్ళో పనికి వచ్చే వయసు వాళ్ళంతా గాలిమరల కంపెనీకి వెళ్ళిపోయారు.

పూచీ మనమే పడదామన్నాడు డార్సీ. మెల్‌బోర్న్‌లో ఈ కాగితాల పని చూసే థూయ్ అనే ఆమెకు ఫోన్ చేశాం.

"మీ ప్రాంతానికి మనుషులు చాలడం లేదని ప్రభుత్వంతో ఒప్పందం ఉంది, కాబట్టి దారి ఉంది. కానీ ముందు ఇరవై ఎనిమిది రోజులు ఉద్యోగ ప్రకటన వెయ్యాలి. ఇక్కడి వాళ్ళు ఎవరైనా వస్తే నిజంగా చూడాలి. ఊరికే చూసినట్టు నటిస్తే కుదరదు. ఎవరూ సరిపోలేదని తేలాకే రోసెందో కాగితాలు పంపేది" అందామె.

డార్సీ ఇంటర్నెట్లో రెండు చోట్ల ప్రకటన వేశాడు. వారమైనా ఒక్కరూ రాలేదు. రాకపోవడమే మనకు మంచిదన్నాడు వాడు. నాకు మాత్రం గుబులు పట్టుకుంది. ఎవరికీ కనపడని చోట దొంగచాటుగా వేశారని ఎవరైనా అంటే? అందుకని ఆ ప్రకటనను పెద్దక్షరాల్లో అచ్చు తీసి, ఫుట్‌బాల్ క్లబ్బు బోర్డుకు గుచ్చి వచ్చాను. ఆ బోర్డు మీద పెట్టే ప్రతి కాగితానికీ కింద పేర్లు రాయడానికి గీతలు గీయడం మా అలవాటు. చెయ్యి ఊరుకోక నేనూ పన్నెండు గీతలు గీశాను.

అక్కడే కొంప ముంచుకున్నాను. మా క్లబ్బులో ఖాళీ కాగితం వేలాడడం ఊరందరికీ నామోషీ. సాసేజులు కాల్చే వంతు అయినా, పిల్లల జెర్సీలు ఉతికే వంతు అయినా, అటు వెళ్ళినవాళ్ళు ఒక పేరు రాసి పోతారు. చేస్తారా లేదా అన్నది తర్వాతి సంగతి.

శనివారం ఆట అయ్యాక చూస్తే పదకొండు పేర్లు! టీ డబ్బా దగ్గర మా పక్కింటి మోరీన్ విజయం సాధించినట్టు నిలబడి ఉంది.

"చూశావా గ్లెనిస్, నీ కాగితం ఒక్క పూటలో నింపించాను!"

"ఎందుకు నింపించావే తల్లీ?"

"ఎందుకేమిటి? మీ హెఫర్నన్ల ఫారం గడప ఎవరూ తొక్కట్లేదని గవర్నమెంటు వాళ్ళు అనుకోవద్దూ? మా ఆయన పేరు కూడా రాశా. ఆయనకి ఆవుల్ని చూస్తే వణుకనుకో."

ఇక్కడి వాళ్ళే పదకొండు మంది ఉన్నారంటే రోసెందో కాగితాలు ఇక కదలవు. ఆ కాగితాన్ని పీకి హ్యాండ్‌బ్యాగులో కుక్కుకుని ఇంటికొచ్చి, పొయ్యి తలుపు తెరిచి దాని ముందు నిలబడ్డాను. కాల్చేస్తే ఎవరికి తెలుస్తుంది? ఊరంతా చూసింది, ఎవరికి తెలియదు! అబద్ధమాడారని తేలితే ఈ జన్మలో ఇంకెవరికీ పూచీ పడనివ్వరేమో. పొయ్యి తలుపు వేసేశాను.

సోమవారం పొద్దున డార్సీ పక్కన కూర్చుని ఉండగానే థూయ్‌కి అంతా చెప్పేశాను.

"అమ్మా! బోర్డుకి పెట్టమని నిన్నెవరడిగారు?" అని వాడు నెత్తి పట్టుకున్నాడు.

"కాలవలో పడమని నిన్నెవరడిగారురా?"

థూయ్ ఫోన్లో దగ్గుతున్నట్టుగా నవ్వు ఆపుకుంది. "కాగితం జాగ్రత్తగా దాచండి. ఒక్కొక్కరికీ ఫోన్ చెయ్యండి. ఉద్యోగం నిజంగా కావాలా అని అడిగి, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాయండి."

భోజనాల వేళకు పదిమంది అయిపోయారు. "నాలుగున్నరకి లేవాలా? పొద్దున్నేనా?" అన్నాడొకడు. మోరీన్ మొగుడు ఆవులు అనగానే ఫోన్ పెట్టేశాడు. పదకొండోవాడు ట్రెవర్ కినేన్. వెన్న ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు బాయిలర్ దగ్గర పనిచేశాడు, అది నిరుడు మూతపడింది.

"అవును గ్లెనిస్, నేను నిజంగానే రాశాను. ఇంట్లో కూర్చుంటే మా ఆవిడ నన్ను కూడా దులుపుతోంది" అన్నాడు.

ఇక అతన్ని చూడకుండా ఎలా? మూడు రోజులు వచ్చి పనిచేసి చూపించమన్నాం. నేర్పించే పని రోసెందోకే పడింది, ఎందుకంటే షెడ్డులో అతనికి తెలిసినంత డార్సీకి కూడా తెలియదు.

టీ ఇచ్చే నెపంతో నేను మూడు రోజులూ అక్కడే తిరిగాను. రోసెందో ఎక్కడ ఏం దాచిపెడతాడా అని చూశాను. అతని స్థానంలో నేనుంటే దాచేదాన్నే. అతను ఏదీ దాచలేదు. పాలు పితికే మిషను కప్పులు పొదుగుకు ఎలా తగిలించాలో, ఏ ఆవు తంతుందో, దేని చెవి వెనక గోకితే ఊరుకుంటుందో అన్నీ చెప్పాడు.

"ఆ నూట పద్దెనిమిదో నంబరు ఆవుని చూడండి ట్రెవర్. నడిచేటప్పుడు తల ఊపుతోంది. వెనక ఎడమ కాలు నొప్పిగా ఉంది."

"నా కంటికి మామూలుగానే నడుస్తోందయ్యా."

"ఈ పొదుగు మీద చెయ్యి పెట్టండి. ఈ వైపు వేడిగా లేదూ? వాపు మొదలైంది."

ట్రెవర్ కళ్ళు మూసుకుని మరీ చెయ్యి పెట్టాడు. "అన్నీ వేడిగానే ఉన్నాయి. ఆవు కదా!"

మూడో రోజు మా వంటింట్లో కూర్చుని టోపీ తీశాడు. "నా పేరు పక్కన ఏం రాస్తున్నావ్?"

నా చేతిలో పెన్ను ఆగిపోయింది. నలభై ఏళ్ళుగా తెలిసినవాడు. ప్రతి శనివారం ఎదురుపడేవాడు. సరిపోడు అన్న మాట అతని ముందు ఎలా రాస్తాను? రాయకపోతే రోసెందో వెళ్ళిపోతాడు.

"ఇటు చూడు, నేను చెప్తాను, నువ్వు రాయి" అన్నాడు ట్రెవర్. "కినేన్ పాలు పితకగలడు. జబ్బు ఆవు ఏదో చెప్పలేడు. మూడు రోజుల్లో మూడింటిని చూడకుండా వదిలేశాడు, మూడింటినీ ఆ ఫిలిప్పీన్స్ అబ్బాయి పట్టుకున్నాడు. రాశావా? సంతకం కూడా పెడతా. నాకూ పరువుంది, నా గురించి వేరేవాళ్ళు చెబితే ఒప్పుకోను." సంతకం పెట్టి లేస్తూ, "సాయంత్రాలు పితకడానికి మనిషి కావాలంటే మాత్రం వస్తా. దానికి మళ్ళీ బోర్డుకి కాగితం గుచ్చకు" అన్నాడు.

అతను వెళ్ళాక షెడ్డు కడుగుతున్న రోసెందో దగ్గరికి పోయాను. మనసులో పెట్టుకోలేక అడిగేశాను.

"అతనికి అన్నీ ఎందుకు చూపించావయ్యా? నేర్చేసుకుంటే నీ గతేమిటి?"

"సగం చూపిస్తే తప్పు చేస్తాడు మేడమ్. నొప్పి ఆవుకి కదా." గొట్టం నీళ్ళు కట్టేసి, బూటుకు అంటిన పేడ వైపు చూస్తూ అన్నాడు: "నేను వెళ్ళిపోవాల్సి వస్తే డార్సీ పక్కన తెలిసినవాడు ఒకడైనా ఉండాలి. జూలైలో ఒక్కడే అయితే ప్రమాదం."

ఆ భయం నాకొక్కదానికే ఉందనుకున్నాను.

ఇరవై ఎనిమిది రోజులు నిండాక, అతని గడువుకు తొమ్మిది రోజులుండగా కాగితాలు వెళ్ళాయి. పదకొండు పేర్ల కాగితం, నా వంకర అక్షరాలు, ట్రెవర్ సంతకం, అన్నీ పంపాం. జవాబు వచ్చేదాకా ఉండొచ్చని థూయ్ చెప్పినా, రోడ్డు మీద తెల్లకారు కనబడితే చాలు, అతన్ని పంపించేయడానికి గవర్నమెంటు వాళ్ళు వచ్చారేమోనని కిటికీ దగ్గరికి పరుగెత్తేదాన్ని.

జూలై మూడో వారంలో, తొలిచూలు ఆవు ఒకటి ఈనలేక అవస్థ పడుతుంటే జవాబు వచ్చింది. రోసెందో చెయ్యి భుజం దాకా లోపల ఉంది. డార్సీ అతని జేబులోంచి ఫోన్ తీసి చదివాడు.

"ఇచ్చారు! నాలుగేళ్ళకి వీసా ఇచ్చారు!"

రోసెందో ఒక్క క్షణం నుదురు ఆవు నడుముకు ఆనించాడు. తర్వాత, "కాలు దొరికింది. తాడు ఇవ్వు, తొందరగా" అన్నాడు.

ఆ ఆదివారం పొద్దుటి పాలు రోసెందో చూసుకున్నాడు. డార్సీ ఎనిమిదింటి దాకా పడుకున్నాడు. ఊపిరి తీసుకుంటున్నాడా లేదా అని రెండుసార్లు తలుపు తీసి చూశాను.